ఇంటివారి రూపచిత్రము: తగిన లెన్సు నెంచుకొనుట

మన యిండ్లలో ఫోటోలకు కొదువ లేదు. ఒక్కొక్క సెల్‌ఫోనులో వేలకొలది బొమ్మలుండును. అయినను ఇంటి పెద్దావిడ కన్నుమూసిన నాడు గోడకు తగిలించుటకు ఒక్క పటము కావలసివచ్చినచో, ఇంటిల్లిపాదియు వెదకి వెదకి, తుదకు ఆధారు కార్డులోని బొమ్మనో, ఏ పెండ్లి గుంపులోనో మూల నిలిచిన తలనో కత్తిరించి పెద్దది చేయించుచుందురు. అందఱును ఫోటోకు నిలుచువేళ ఆ యిల్లాలు వంటయింట నుండుటయే యిందులకు కారణము. ఈ కొఱత తీర్చుకొనుట మన చేతిలోని పని. ఇంట మంచి కెమెరా యున్నవారు దానికి తగిన లెన్సును మితవ్యయముతో నెట్లు కొనవలెనో యిచ్చట ముచ్చటింతుము.

రూపచిత్రమునకు ప్రత్యేకముగా లెన్సు కావలెనను తలంపు నేటిది కాదు. 1840లో వియన్నా నగరమున గణితాచార్యుడైన జోసెఫ్ పెజ్వాల్, నాటి లెన్సులకంటె ఎన్నో రెట్లు వెలుతురును లోనికి గొను లెన్సును లెక్కకట్టి రూపొందించెను. దానివలన మనుష్యులు చిరకాలము కదలక కూర్చుండు బాధ తగ్గెను. మన తెలుగునాట, హైదరాబాదున, నిజాము కొలువులో ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళు 1892లో ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా నొక స్టూడియో నెలకొల్పి, దాని నడపుటకు ఒక ఆంగ్ల వనితను నియమించెను. నాడు స్త్రీలు తమ రూపచిత్రమునకై అంత ఏర్పాటు కోరవలసివచ్చెను. నేడు కెమెరా మన చేతికే వచ్చినది.

ఫుల్ ఫ్రేము కెమెరా యనగా 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల చిత్రఫలకము గలది. అట్టివి పూర్వము బరువుగా నుండెడివి. 2020లో వచ్చిన సోనీ ఏ7సీ బ్యాటరీతో గూడ 509 గ్రాములు. 2023లో వచ్చిన కేనన్ ఆర్8 461 గ్రాములు మాత్రమే. ఇట్టి చిన్న కెమెరాకు కిలోకు చేరువైన లెన్సును తగిలించిన ముందుకు వ్రాలును; చేయి నొచ్చును; తుదకు బీరువా పాలగును.

లెన్సుపై నుండు 50, 85 మొదలగు అంకెల భావమేమి? పెద్ద అంకె గల లెన్సు దూరమునుండి ముఖమును నిండుగా చూపును. ముఖము అందముగా వచ్చుట లెన్సు మహిమ యని పలువురు తలంతురు; నిజమునకు అది దూరము మహిమ. రెండడుగుల దూరమునుండి తీసిన ముక్కు పెద్దదై, చెవులు వెనుకకు పోవును. సెల్‌ఫోనును దగ్గఱగా పెట్టి తీసినపుడు జరుగున దిదియే. అయిదడుగుల దూరమున ముఖము చూడ ముచ్చటగా నుండును. కెమెరాను నిలువుగా పట్టి తల, భుజములు తీయుటకు 85 లెన్సుతో సుమారు 5 అడుగులు, 50 లెన్సుతో 3 అడుగులు దూరము కావలెను. నిలువెత్తు రూపమునకు 85తో 14 అడుగులు, 50తో ఎనిమిదిన్నర అడుగులు కావలెను.

కావున అంగడికి పోకమున్ను ఇంటిని కొలుచుకొనుడు. పదడుగుల గదిలో 85 లెన్సుతో నిలువెత్తు చిత్రము రాదు. పొడవైన వసారాయో, పెరడో కలవారికే అది సుఖము. 50 లెన్సు గదికిని, పెరటికిని గూడ పనికివచ్చును. దానితో రూపచిత్రము తీయువారు ముఖము దరికి పోక, అయిదడుగుల యెడమున నిలిచి నడుము వఱకు తీసి, పిమ్మట అంచులు కత్తిరించుకొనవచ్చును. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో అట్లు కత్తిరించినను 8 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల పొడవు గల పటమునకు కొదువ యుండదు.

ఇక ఎఫ్ 1.4, ఎఫ్ 1.8 యను అంకెలు. అంకె తగ్గినకొలది లెన్సు ద్వారము పెద్దది. ధర యింకను పెద్దది. సోనీవారి 85 ఎఫ్ 1.4 జీఎం లెన్సు 820 గ్రాములు, ఎఫ్ 1.8 లెన్సు 371 గ్రాములు. విడుదలనాడు రెండవదాని ధర మొదటిదానిలో మూడవ వంతునకు మించలేదు. వెలుతురులో భేదము ఒకటిన్నర రెట్లకు కొంచె మెక్కువ మాత్రమే. అయినను పెద్ద ద్వారమును ఎల్లప్పుడు పూర్తిగా తెఱవరాదు. అయిదడుగుల దూరమున 85 లెన్సును ఎఫ్ 1.8లో తెఱచిన, స్పష్టముగా వచ్చు మేర సుమారు 3 సెంటీమీటర్లే. కన్ను స్పష్టమైన చెవి మసకబాఱును. మామ్మను, ఒడిలోని మనుమరాలిని కలిపి తీయునపుడు ఎఫ్ 4గాని, 5.6గాని యుంచవలెను. అట్టియెడ ఎఫ్ 1.4కై పోసిన సొమ్ము వ్యర్థమే గదా.

విజయనగరము జిల్లా నెల్లిమర్ల మండలమందలి రామతీర్థమునకు శ్రీరామనవమి కల్యాణమునాడు కుటుంబములు తరలివచ్చును. బోధికొండ, బౌద్ధవిహార శిథిలములు గల గురుభక్తులకొండ అచ్చటి శోభ. అచ్చట ద్వారము పూర్తిగా తెఱచి ముఖము తీసిన కొండ పొగవలె కరగును. ఆ బొమ్మ ఏ యూరిదైనను కావచ్చును. ఊరు గుర్తు కావలసినచో 50 లెన్సుతో కొంత వెనుకకు జరిగి, ఎఫ్ 8 ఉంచిన, మనిషియు కొండయు ఒక్క పటమున నిలుచును. నడిమిట్ట మధ్యాహ్నపు ఎండలో కన్నులక్రింద నీడలు పడును. ఉదయముననో, చెట్టునీడనో, అరుగుమీదనో కూర్చుండబెట్టి తీయుట మేలు.

కొనునపుడు లెన్సు మీ కెమెరా అమరికకు సరిపోవునో లేదో చూడుడు. సోనీలో ఎఫ్ఈ, కేనన్‌లో ఆర్ఎఫ్ గుర్తు గలవి ఫుల్ ఫ్రేమునకు తగినవి. ఆర్ఎఫ్-ఎస్ గుర్తు గలవి చిన్న ఫలకమునకు చేసినవి. కేనన్ ఆర్ఎఫ్ 50 ఎఫ్ 1.8 బరువు 160 గ్రాములు. సోనీ ఎఫ్ఈ 50 ఎఫ్ 1.8 బరువు 186 గ్రాములు. ఈ రెండవది గుఱి కుదుర్చుటలో కొంత మందము. అయినను కూర్చున్న మనిషికి చాలును. సామ్‌యాంగు 75 ఎఫ్ 1.8 బరువు 230 గ్రాములు. గది చిన్నదై, 85 పెద్దదనిపించువారికి నడిమి మార్గము.

పాతవి కొనువారు లెన్సు వెనుకనుండి టార్చి వేసి చూడవలెను. సాలెగూటివంటి పోగులు కనబడిన అది బూజు. ఎంత చవుకైనను వలదు. మన కోస్తా తేమలో మంచి లెన్సుకును బూజు పట్టును. తోలుసంచిలో మూసిపెట్టక, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో నుంచి, అప్పుడప్పుడు బయటికి తీసి వాడుచుండవలెను.

మా సలహా యిది. మొదట 50 కొనుడు. ఒక సంవత్సరము వాడుడు. ఇంకను దూరమునుండి తీయవలెనని తఱచు తోచినయెడల, అప్పుడు 85 ఎఫ్ 1.8 కొనుడు. మిగిలిన సొమ్ములో కొంత అచ్చు వేయించుటకును, పటము కట్టించుటకును వేఱుగా నుంచుడు. ఇంటి పెద్దావిడను వంటయింటినుండి పిలిచి, ఆమెకు నచ్చిన చీర కట్టించి, అరుగుమీద కూర్చుండబెట్టుడు. ఆ పటమును ఆమె తన కన్నులార చూచి, బాగున్నదనియో, బాగులేదనియో తానే చెప్పవలెను.