కొమ్మ మీద ఉన్నది బదనికేనా, ఆర్కిడ్డా? కోసే ముందు ఒక్కసారి చూడండి

మామిడి కాయ దించుడు అయిపోగానే జూన్, జూలై నెలల్లో తోటల్లో కొమ్మలు కత్తిరించే పని మొదలవుతుంది. జగిత్యాల, కోరుట్ల వైపు సొంత తోట ఉన్నవాళ్లయినా, గుత్తకు పట్టుకున్నవాళ్లయినా కూలీలకు చెప్పే మాట ఒకటే: "చెట్టు మీద బదనిక కనబడితే కోసి పారెయ్." మాట మంచిదే. కానీ అదే కత్తికి చెట్టుకు ఏ హానీ చేయని ఒక అందమైన మొక్క కూడా బలవుతోంది. అది మన అడవి ఆర్కిడ్. శాస్త్రవేత్తలు దాన్ని వాండా టెస్సెలాటా అంటారు.

పేరులోనే తికమక

ఈ పొరపాటు ఇయ్యాలటిది కాదు. చెట్టు మీద పెరిగే రెండు వేర్వేరు మొక్కల్ని మన పల్లెల్లో బదనిక అనే పిలుస్తారు. ఉర్దూ, హిందీలో కూడా రెండింటికీ 'బాందా' అనే పేరుంది. సంస్కృతంలో 'వందా' అన్నా అంతే. ఆ మాట నుంచే ఆర్కిడ్‌కు వాండా అనే శాస్త్రీయ నామం వచ్చింది.

ఈ మొక్క ప్రపంచానికి తెలిసింది కూడా తెలుగు నేల నుంచే. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరంలోని మొక్కల మీద పనిచేశాడు. 1795లో మొదలైన తన బొమ్మల పుస్తకంలో ఈ ఆర్కిడ్‌ను వర్ణించాడు.

తేడా ఎట్ల గుర్తుపట్టాలి?

అసలు బదనిక పరాన్నజీవి. దాని వేరు కొమ్మ లోపలికి దిగి, చెట్టు తాగే నీళ్లను, లవణాలను లాక్కుంటుంది. అంటుకున్న చోట కొమ్మ ఉబ్బి గడ్డలా కనబడుతుంది. ఆకులు వెడల్పుగా, దళసరిగా ఉంటాయి. పూలు సన్నని గొట్టాల్లా ఉంటాయి. పండ్లు తిన్న పిట్టలు బంకగా ఉండే గింజల్ని మరో కొమ్మ మీద వదిలితే అక్కడ ఇంకో మొక్క లేస్తుంది. దీన్ని కోయాల్సిందే. పైపైన ఆకులు తెంపితే మళ్లీ చిగురిస్తుంది. పండ్లు రాకముందే, గడ్డకు కాస్త కింద నుంచి కొమ్మనే కోసేయాలి.

ఆర్కిడ్ అట్ల కాదు. దాని ఆకులు పొడుగ్గా, పట్టీల్లా, రెండు వైపులా వరుసగా ఉంటాయి. బూడిద రంగు లావు వేర్లు బెరడు పైనే పాకుతాయి, లోపలికి దిగవు. తడిస్తే పచ్చబడతాయి. వాననీళ్లు, గాలిలోని తేమ, బెరడు మీద చేరిన దుమ్ము, కుళ్లిన ఆకులే దాని ఆహారం. చెట్టు దానికి ఇల్లు మాత్రమే. బదనిక చెట్టు అన్నం గుంజుకు తినేది, ఆర్కిడ్ పక్కన కిరాయికి ఉండేది అనుకోండి. ఎండాకాలం చివర, వానల మొదట్లో పసుపు, గోధుమ రంగు గళ్ల రేకులతో, మధ్యలో ఊదా పెదవితో పూస్తుంది. దగ్గరికి పోతే మంచి వాసన.

పోతే తిరిగి రావడం కష్టం

ఆర్కిడ్ కాయలో వేల గింజలుంటాయి. కానీ అవి దుమ్ములా ఉంటాయి, లోపల ఆహారం నిల్వ ఉండదు. నేల మీదనో, బెరడు మీదనో ఒక రకం బూజు తోడైతేనే మొలుస్తాయి. మొలిచాక పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఒక నిమిషంలో కోసి పారేసిన మొక్క వెనుక అంత కథ ఉంది. మనదేశంలో సుమారు 1,250 రకాల ఆర్కిడ్లున్నట్టు బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా 2019లో లెక్క చెప్పింది.

మన వంటింట్లో, హకీం దుకాణంలో

ఆర్కిడ్ మనకు కొత్తది కాదు. కస్టర్డ్‌లో వేసే వనిల్లా ఆర్కిడ్ కాయ నుంచే వచ్చింది. చేత్తో పరాగసంపర్కం చేసే సులువైన పద్ధతిని 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ల బానిస బాలుడు కనిపెట్టాడు. అయితే ఇప్పుడు సీసాల్లో దొరికే ఎసెన్స్ చాలావరకు ఫ్యాక్టరీలో చేసినదే.

దాదీ, నానీలు బలానికని పాలల్లో కలిపి ఇచ్చే సాలబ్ మిస్రి కూడా ఆర్కిడ్ దుంపే. అరబీలో 'సాలబ్' అంటే నక్క. కిలో పొడికి వెయ్యికి పైగా దుంపలు తవ్వాలి, దుంప తీస్తే మొక్క పోతుంది. హిమాలయాల్లో ఈ మొక్క చాలా అరుదైపోయింది. తుర్కియే అడవి దుంపల ఎగుమతినే నిషేధించింది. అందుకే ఎవరైనా చౌకగా సాలబ్ మిస్రి అంటే అది అసలుదేనా, ఎక్కడి నుంచి తెచ్చారని అడగండి. హకీం సాబ్‌నే వేరే మందు ఉందా అని అడిగితే ఇంకా మంచిది.

ఇంట్లో పెంచాలంటే

పూసిన ఆర్కిడ్‌ను వందల రూపాయలు పెట్టి కొంటాం, మన ఎండకు రెండు నెలల్లో పోతుంది. జగిత్యాలలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అందుకే మొదటిసారి పెంచేవాళ్లు ఫలెనాప్సిస్ కంటే డెండ్రోబియం, వాండా రకాలు తీసుకోవాలి.

మట్టిలో నాటొద్దు, వేర్లు కుళ్లుతాయి. బొగ్గు ముక్కలు, ఇటుక పెంకులు, కొబ్బరి పీచు చాలు. కుండీకి పక్కల కూడా రంధ్రాలుండాలి. మిద్దె మీదైతే షేడ్ నెట్ కింద, ఇంట్లో అయితే తూర్పు కిటికీ దగ్గర పెట్టండి. పొద్దున్నే నీళ్లు పోయండి. బోరు నీళ్ల ఉప్పు వేర్లకు పడదు, వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే మేలు. వారానికోసారి లీటరు నీళ్లలో పావు చెంచా 19-19-19 ఎరువు చాలు. చెక్కకు కట్టి పెంచాలంటే నూలు పీలికలు వాడండి, సిరిసిల్ల వాళ్లకు అవి దొరకడం కష్టం కాదు. వేర్లు పట్టుకునేసరికి నూలు దానంతట అదే చివికిపోతుంది.

ప్రదర్శనకు తీసుకుపోతే

ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు పూల సంఖ్య ఒక్కటే చూడరు. పూల ఆకారం, ఆకుల శుభ్రత, మొక్క ఆరోగ్యం, పేరు చీటీ సరిగ్గా ఉందా అన్నీ చూస్తారు. ఇంటి తోటలో మొదలైన మొక్క ఎంత దూరం పోగలదో సింగపూర్ చెబుతుంది. అక్కడ ఆగ్నెస్ జోక్విమ్ అనే మహిళ పెంచిన ఆర్కిడ్ 1899 పూల ప్రదర్శనలో మొదటి బహుమతి గెలిచింది. అదే వాండా మిస్ జోక్విమ్, 1981లో ఆ దేశ జాతీయ పుష్పమైంది.

అడవిలో కనబడితే

గోదావరి అవతల కవ్వాల్ వైపు పోయినా, ఊరి పక్క గుట్టల్లో తిరిగినా, పాత మామిడి, ఇప్ప చెట్ల కొమ్మలు తలెత్తి చూడండి. వానలు పడ్డాక నేల మీద పూసే రకాలు కూడా ఉంటాయి. ఫోటో తీయండి, తేదీ, చెట్టు పేరు రాసుకోండి. పీకొద్దు. రిజర్వ్ ఫారెస్టులో, పులుల అభయారణ్యంలో మొక్క తీయడం నేరం. అడవి నుంచి తెచ్చిన మొక్క ఇంట్లో బతకడం కూడా అరుదే.

గల్ఫ్, సింగపూర్ నుంచి వచ్చే అన్నదమ్ములు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఆర్కిడ్లన్నీ సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం కింద ఉన్నాయి. పర్మిట్, మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా బ్యాగులో పెట్టుకొస్తే ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పడతారు.

ఈసారి తోటలో కత్తిరింపులు పెట్టేటప్పుడు కూలీలతో పాటు పిల్లల్ని కూడా తీసుకుపోండి. గడ్డ కట్టి లోపలికి దిగిందా, బెరడు మీదే పాకిందా వాళ్లతోనే చూపించండి. దిగితే కోయండి. పాకితే వదిలేయండి, వచ్చే ఎండాకాలం చివర అదే కొమ్మ మీద పూలు చూస్తారు.