చెవికి తగిన హెడ్‌ఫోన్లు: ఒక వైద్యుని పరీక్ష

మా మనుమరాలు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న రోజులలో ఒక సాయంత్రం నా దగ్గరకు వచ్చి, "తాతయ్యా, గదిలో ఎవరూ లేకపోయినా చెవిలో ఎవరో ఈల వేస్తున్నట్లుంటోంది" అన్నది. నలభై ఏండ్లుగా కర్ణనాదానికి చికిత్స చేస్తున్న నాకు ఆ మాట క్రొత్తది కాదు. ఐతే అరవై దాటినవారి నోట వినే మాటను పదిహేడేండ్ల పిల్ల నోట వినవలసి వచ్చినది. కారణం వెదకుటకు దూరం పోనక్కరలేకపోయినది. ఆమె మెడలో వ్రేలాడుతున్న హెడ్‌ఫోన్లు నేను కొనిపెట్టినవే.

ఆ సంవత్సరం, అనగా 2021లో, కరోనా వలన పాఠాలు ఇంటివద్దనే సాగుతున్నవి. రోజుకు ఆరేడు గంటలు ఫోను ముందు కూర్చొనవలెను. చెవి రంధ్రంలో దూర్చుకొనే ఇయర్‌ఫోన్లకంటె చెవిని చుట్టూ కప్పే హెడ్‌ఫోన్లు మేలని తలచి, నేనే బజారుకు పోయి నాలుగు రకాలు పెట్టించుకొని విన్నాను. ఒక్కొక్కటి రెండు నిమిషాలు. నాలుగింటిలో ఒకటి మిక్కిలి స్పష్టంగాను, తక్కినవి మసకగాను తోచినవి. స్పష్టంగా తోచినదానిని కొన్నాను. వాటిని పెట్టుకోవలసిన పిల్ల ఆ వేళ నా వెంట లేదు.

చెవిలో మ్రోత అనగానే నేను తైలం సీసా అందుకొనలేదు. ముందుగా చెవి, ముక్కు, గొంతు వైద్యుని వద్దకు పంపించి వినికిడి పరీక్ష చేయించాను. కాగితం మీద గీసి ఇచ్చిన గీతలో సెకనుకు 4000 కంపనాల వద్ద చిన్న పల్లం కనబడినది. పెద్ద ధ్వనుల వలన కలిగే నష్టం తరచుగా ముందు కనబడే చోటు అదే. "పనిలో పని, మీరూ చేయించుకోండి తాతయ్యా" అని పిల్ల పట్టుబట్టగా నేనూ ఆ గదిలో కూర్చొన్నాను. నా గీత 2000 వరకు తిన్నగా నడచి, అక్కడినుండి మెట్లు దిగినట్లు దిగిపోయినది. వయస్సుతో వచ్చే వినికిడి తగ్గుదల పై స్థాయి ధ్వనులతోనే మొదలవుతుంది.

అప్పుడు నాకు విషయం బోధపడినది. బజారులో నాకు స్పష్టంగా తోచిన ఆ జత, పై స్థాయి ధ్వనులను అవసరానికి మించి పెంచి వినిపించేది. నా చెవి పోగొట్టుకొన్నదానిని అది పూరించినది. లేత చెవికి అదే సూదియైనది. "మాష్టారి నోట సకారం వచ్చినప్పుడల్లా గుచ్చుకునేది. కాని ఫ్యాను చప్పుడులో మాట వినపడేది కాదు. అందుకని పెంచేదాన్ని" అని ఆమె అన్నది. ఒకరి చెవితో మరొకరికి హెడ్‌ఫోన్లు కొనుట ఒకరి నాడి చూచి మరొకరికి మందు ఇచ్చుటవంటిది. ఆ పని వైద్యుడనైన నేనే చేసితిని.

రోగాలకు గల కారణాలలో ఇంద్రియాలను తగని రీతిగా వాడుటను చరకుడు ఒకటిగా చెప్పినాడు. చెవి విషయంలో ఉరుములు, భేరీలు, పెద్ద కేకలు అతిగా వినుట అతియోగం. అసలే వినకుండుట అయోగం. పరుషమైన, భయం పుట్టించే మాటలు వినుట మిథ్యాయోగం. భేరి ఊరంతటికీ మ్రోగుతుంది, దూరం పోయినవాడు తప్పించుకొంటాడు. హెడ్‌ఫోన్లలోని ధ్వని చెవికి అంగుళం దూరంలో పుట్టి గంటల తరబడి అక్కడే ఉంటుంది. లోపలి చెవిలో నత్తగుల్లవంటి భాగమున్నది. అందులో ధ్వనిని గ్రహించే సూక్ష్మ రోమకణాలు ఒక్కొక్క చెవికి సుమారు 15,000 మాత్రమే. చనిపోయిన కణం మనుష్యునిలో మరల పుట్టదని ఆధునిక వైద్యం చెబుతున్నది. ఈ విషయంలో పాతదానికీ క్రొత్తదానికీ వైరం లేదు.

ధ్వనిని పరీక్షించే విధం

మా శాస్త్రంలో పరీక్షకు మూడు మార్గాలు: ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం. హెడ్‌ఫోన్ల పెట్టెమీద "20 నుండి 20,000 కంపనాల వరకు" అని అచ్చువేసి ఉంటుంది. అది మనుష్యుని వినికిడి పరిధి. దాదాపు ప్రతి పెట్టెమీదను ఆ అంకెలే. ఆ పరిధిలో ఏ స్థాయిని ఎంత సమంగా వినిపిస్తుందో ఆ అంకెలు చెప్పవు. పైగా అచ్చువేసినవాడు ఆప్తుడు కాడు, అమ్మేవాడు. కావున ప్రత్యక్షమే శరణ్యం.

ప్రత్యక్షానికి నేను వాడేది ఒక పాత కేసెట్టు. 1980లో మా గురువుగారు మాచేత అష్టాంగహృదయం వల్లెవేయిస్తుండగా ఒక సహాధ్యాయి పట్టిన రికార్డు అది. ఇప్పుడు ఫోనులో ఉన్నది. తాలవ్యమైన శకారం, మూర్ధన్యమైన షకారం, దంత్యమైన సకారం ఒకదానితో ఒకటి కలిసిపోతే గురువుగారు శ్లోకాన్ని మొదటినుండి మరల చెప్పించేవారు. ఈ మూడింటి మధ్య భేదమంతా పై స్థాయి ధ్వనులలో ఉన్నది. పాత టెలిఫోను తంతి 300 నుండి 3400 కంపనాలను మాత్రమే మోసుకొని పోయేది. అందుకే అందులో పేర్లు చెప్పునప్పుడు సకారం, ఫకారం పొరపడేవి. మంచి హెడ్‌ఫోన్లలో ఈ అక్షరాలు విడివిడిగా వినబడవలెను, ఏదియు గుచ్చుకొనరాదు. పై స్థాయి మించినచో కేసెట్టులోని సుయ్యిమను చప్పుడు గురువుగారి గొంతుకంటె ముందుకు వస్తుంది. మంద్రస్థాయి మించినచో ఆయన కుండలో మూతిపెట్టి మాట్లాడినట్లుంటుంది. రెండును సమంగా ఉన్నప్పుడు శ్లోకానికీ శ్లోకానికీ నడుమ ఆయన ఊపిరి తీసుకొనుట, ప్రక్కన విసనకర్ర ఆగుట కూడ తెలుస్తుంది.

పాఠకులకు ఆ కేసెట్టు ఉండదు గాని, ఘంటసాలగారి భగవద్గీత లేని ఇల్లు అరుదు. ఏండ్ల తరబడి విన్న గొంతు ఏదైనను సరే. కొత్త సినిమా పాటతో పరీక్షించవద్దు. అది ఎట్లుండవలెనో మీకే తెలియదు. గాత్రం తరువాత ఒక మృదంగం, ఒక నాదస్వరం వినండి. మృదంగపు ఎడమ మూతకు రవ్వముద్ద అంటించి తెచ్చే గుంభనమైన నాదం, కుడి మూతపై వ్రేలి దెబ్బ వేరువేరుగా తెలియవలెను. ఎడమదే గదినంతా నింపినచో మంద్రం మించినదని గుర్తు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానాగారి నాదస్వరం పెట్టుకొని పది నిమిషాలు వినగలిగితే ఆ హెడ్‌ఫోన్ల పై స్థాయి సమంగా ఉన్నట్లే. చెవిని గుచ్చేవానితో రెండు నిమిషాలకే తీసివేయాలనిపిస్తుంది.

దుకాణంలో ఒక మోసం జరుగుతుంది. దుకాణదారుడు చేయకపోయినా మన చెవే చేస్తుంది. రెండింటిలో ఏది కొంచెం బిగ్గరగా మ్రోగితే అదే మేలైనదిగా తోస్తుంది. కావున పోల్చునప్పుడు రెండింటి ధ్వనిని ఒకే స్థాయికి తెచ్చుకోవలెను. ఆ తరువాత ఇంకొక పని చేయవలెను, నా దృష్టిలో ఇదే ముఖ్యమైన పరీక్ష. ధ్వనిని బాగుగా తగ్గించి వినండి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనువారు 1933లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, ధ్వని తగ్గేకొలది మన చెవికి మంద్రస్థాయి మరింత తక్కువగా వినబడుతుంది. అందుకే తక్కువ ధ్వనిలో పాట పలుచనై, చేయి మీట వైపు పోతుంది. అంత తగ్గించినప్పటికీ మాట తెలిసి, పెంచాలనే కోరిక పుట్టనిదానిని కొనండి. పెద్దగా పెట్టినప్పుడు మాత్రమే రక్తి కట్టే జత ఎంత ఖరీదైనదైనను నేను ఎవరికీ చెప్పను.

సౌఖ్యాన్ని పరీక్షించే విధం

చాలమంది ధ్వని వేరు, సౌఖ్యం వేరు అనుకొంటారు. చెవి చుట్టూ మెత్త సరిగా ఆననప్పుడు సందులోనుండి మంద్రస్థాయి జారిపోతుంది, బయటి చప్పుడు లోపలికి వస్తుంది, మనిషి ధ్వని పెంచుతాడు. కళ్లద్దాలవారికి ఈ బాధ తరచుగా ఉంటుంది. అద్దాల కాడ మెత్తను ఎత్తిపట్టుతుంది. కాబట్టి అద్దాలు పెట్టుకొనియే పరీక్షించవలెను. ఆడవారు మాటీలు, వ్రేలాడే జూకాలు తీసివేసి పెట్టుకోవలెను. చిన్న దుద్దులైనా మెత్త వాటిని నొక్కుతున్నదేమో చూచుకోవలెను. మెత్త చెవి చుట్టూ కూర్చొనవలెను గాని చెవిదొప్పపై కూర్చొనరాదు. దొప్ప లోపలి గుడ్డకు తగులుతుంటే గిన్నె లోతు చాలదన్నమాట. అరగంటకు దొప్ప వేడెక్కి నొప్పి పుడుతుంది.

సుశ్రుతుడు చెవుల వెనుక క్రిందిభాగంలో విధుర మర్మలను, కణతలలో శంఖ మర్మలను, నడినెత్తిన అధిపతి మర్మను చెప్పినాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకొన్నంతనే మర్మాలు దెబ్బతింటాయని నేను అనడం లేదు. ఆయన చెప్పినది గాయాలను గురించి. ఐతే వ్రేలు ఎక్కడ పెట్టి చూడవలెనో ఆ మూడు చోట్లు మనకు చూపుతున్నవి. అరగంట పెట్టుకొని తీసిన తరువాత నడినెత్తిని, కణతలను, చెవుల వెనుకను నొక్కి చూడండి. ఏ ఒక్కచోట నొప్పి తెలిసినను, చర్మం మీద ఎర్రని గాడి పడినను, పట్టీ బిగువు ఆ తలకు తగదు. పెట్టుకొన్నప్పుడు తాంబూలం నములుతున్నట్లు దవడను ఆడించండి. దవడ నొప్పిపెట్టరాదు, మెత్త చెవినుండి విడివడరాదు. నేటి తీగలేని రకాలు కొన్ని 250 గ్రాములుంటే, కొన్ని 385 గ్రాముల వరకు ఉన్నవి. చేతిలో ఆ తేడా లెక్కలోనికి రాదు గాని, మూడు గంటల తరువాత మెడ చెబుతుంది.

మన ఎండలకు రెక్సిను మెత్తలు చెమట పట్టి, రెండు మూడేండ్లకు పొలుసులుగా రాలుతాయి. మఖమలు మెత్తలకు గాలి తగులుతుంది గాని బయటి చప్పుడును అంతగా ఆపవు. ఏవైనా మార్చుకొనే వీలున్నవి కొనండి. గంటకొకసారి తీసి చెవులకు గాలి తగలనివ్వండి. చెమట చెవిలో నిలిస్తే దురద, బూజు. తలంటి పోసుకొని చెవులు ఆరకముందే పెట్టుకోవద్దు. చెవి స్రవిస్తున్నవారి హెడ్‌ఫోన్లు ఇతరులు వాడరాదు.

గిన్నె వెనుకభాగం తెరచి ఉన్న రకం నిశ్శబ్దమైన గదికి బాగున్నది. గాలి ఆడుతుంది, పాట ఎదుట జరుగుతున్నట్లుంటుంది. మిక్సీ, ఫ్యాను, వీధి ఉన్న మన ఇండ్లలో మూసినదే ఉపయోగం. బయటి రొదను ఎదురుధ్వనితో అణచే రకం మరొకటి ఉన్నది. భారతీయ సంతతికి చెందిన అమర్ బోస్ అను అమెరికా ఆచార్యుడు 1978లో విమానంలో ప్రయాణిస్తూ, ఇంజను రొదలో సంగీతం వినలేక ఈ ఆలోచన చేసినాడు. 1989లో పైలట్ల కొరకు అది వస్తువుగా వచ్చినది. ఫ్యాను, రైలు, విమానం వంటి ఎడతెగని మంద్రపు రొదపై ఇది బాగుగా పనిచేస్తుంది, ప్రక్కగదిలోని మాటలపై అంతగా కాదు. రొద తగ్గితే ధ్వని పెంచనక్కరలేదు, దాని అసలు ప్రయోజనం అదే. వీధిలో నడచునప్పుడు మాత్రం ఏ రకమూ వద్దు.

ఇక మాత్ర. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు 80 డెసిబెళ్ల ధ్వనిని వారానికి 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెళ్లను 40 గంటలు హద్దుగా పెట్టినది. డెసిబెళ్లు మూడు పెరిగినప్పుడల్లా కాలం సగమవుతుంది. 90 దగ్గర పెద్దలకు మిగిలేది వారానికి నాలుగు గంటలే. కొన్ని ఫోన్లు ఈ లెక్కను చూపుతాయి. ఫోను చూపకపోతే, మూరెడు దూరంలో కూర్చొన్నవారు మామూలు గొంతుతో పిలిచినప్పుడు వినబడుతున్నదా అని చూడండి. తీసిన తరువాత లోకం దూదిచాటునుండి వినబడినను, గుయ్యిమని మ్రోగినను హద్దు దాటినట్లే.

కర్ణతర్పణం వలన వాతజమైన కర్ణరోగాలు, మెడ, దవడ పట్టుట కలుగవని చరకుడు చెప్పినాడు. నేను గోరువెచ్చని నువ్వుల నూనె వాడతాను. ఐతే కర్ణభేరికి రంధ్రమున్నవారు, చీము, నొప్పి, జ్వరం ఉన్నవారు చెవిలో ఏ నూనెయూ పోయరాదు. వైద్యుడు చెవిలోనికి చూచిన తరువాతనే తైలం. చనిపోయిన రోమకణాన్ని ఏ తైలమూ బ్రతికించదు, ఆ మాట రోగులకు ముందే చెబుతాను.

మా మనుమరాలికి మూడు మాసాలు హెడ్‌ఫోన్లు మాన్పించి, పాఠాలు స్పీకరులో వినిపించాము. మ్రోత తగ్గినది. 2022లో మరల పరీక్ష చేయించగా 4000 వద్ద పల్లం అట్లే ఉన్నది. ఇప్పుడు వాడుతున్నవి ఆమె తనంతట తాను అరగంట కూర్చొని ఎంచుకొన్నవి. నాకు అవి మసకగా వినబడతాయి. పాత జత నా దగ్గరనే ఉన్నది. నా చెవికి తక్కువ ధ్వనిలోనే వాటిలో గురువుగారి శకారం, షకారం విడివిడిగా తెలుస్తాయి. రాత్రి భోజనానంతరం ఒక అధ్యాయం వింటాను. మనుమరాలు సెలవులకు వచ్చినప్పుడు అటుగా పోతూ, నా ఫోను ఎత్తి ధ్వని ఎంతలో ఉన్నదో చూచి, మరల అక్కడ పెట్టి పోతుంది.