‘ముక్కలు పడలేదు’ అంటే కుదరదు

పేకాటలో ఓడినవాడి నోట మొదట వచ్చే మాట “ముక్కలు పడలేదు”. రమ్మీలో ఆ మాటకు ఎదురులేదు గానీ, డూప్లికేట్ బ్రిడ్జ్‌లో అది చెల్లదు. చెల్లకుండా చేసింది బోర్డు అనే ఒక చిన్న పలక. దానికి నాలుగు దిక్కుల పేర్లతో నాలుగు అరలు, ఒక్కో అరలో 13 ముక్కలు.

మామూలు ఆటలో ట్రిక్కు (నలుగురూ తలో ముక్క వేసే ఒక చుట్టు) గెలిచినవాడు నాలుగు ముక్కలూ లాగేసుకుంటాడు. ఆట అయ్యాక ఎవరికి ఏం పడ్డాయో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఇక్కడ ఎవరి ముక్కను వాళ్ల ముందే బోర్లా పెట్టుకోవాలి. ట్రిక్కు తమ జంటదైతే నిలువుగా, పోతే అడ్డంగా. చివర్లో ఆ వరుస చూస్తే లెక్క తేలిపోతుంది, తగువూ తీరిపోతుంది. ముక్కలు మళ్లీ అదే అరలోకి, బోర్డు పక్క బల్లకి. అక్కడ ఉత్తరం చేతికీ అదే ఇస్పేటు ఆసు. పోటీ ఎదుటివాళ్లతో కాదు, వేరే బల్లల మీద మీ ముక్కలే పట్టుకున్న జంటలతో. అందరూ 500 పాయింట్లు పోగొట్టుకున్న చోట మీరు 300తో బయటపడితే పూర్తి మార్కులు మీవే.

ఈ ఆలోచన బ్రిడ్జ్ కన్నా పాతది. 1857లో లండన్‌లో హెన్రీ జోన్స్ (తర్వాత ‘కావెండిష్’గా పేరుపడ్డవాడు) బ్రిడ్జ్‌కు మూలమైన విస్ట్ ఆటలో నేర్పరులనూ కానివాళ్లనూ ఎదురెదురుగా పెట్టి, రెండు బల్లల మీద అవే ముక్కలు ఆడించాడు. నేర్పరులే గెలిచారు.

నాకు బోర్డు కన్నా ముద్దొచ్చేది అది తిరిగే తీరు. అమెరికాలో జాన్ మిచెల్ పేరుతో నిలిచిన పద్ధతి ఇది: ఉత్తర-దక్షిణాల జంటలు కదలవు, తూర్పు-పడమరల జంటలు ఒక బల్ల ముందుకు, బోర్డులు ఒక బల్ల వెనక్కి. అంటే జంటకీ బోర్డుకీ మధ్య ప్రతి రౌండుకీ రెండు బల్లల తేడా. 7 బల్లలుంటే చిక్కులేదు, ఏ బోర్డూ రెండోసారి ఎదురుకాదు. 8 ఉంటే నాలుగు రౌండ్లకే తేడా 8 అయి, ఐదో రౌండులో మొదటి బోర్డే మళ్లీ ముందుకొస్తుంది! అందుకే సగంలో తూర్పు-పడమరల జంటలు ఒక బల్ల దాటేసి కూర్చుంటాయి. సరి, బేసి అంకెల తేడా తప్ప ఇందులో వేరే గణితం లేదు.

1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ ఓడ ప్రయాణంలో కాంట్రాక్ట్ బ్రిడ్జ్ స్కోరింగుకు రూపమిచ్చాడు. విస్ట్ మరుగున పడింది, బోర్డు మిగిలింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 60 ఏళ్ల ప్రణబ్ బర్ధన్, 56 ఏళ్ల శిబ్‌నాథ్ సర్కార్ మనకు స్వర్ణం తెచ్చింది ఈ పద్ధతి ఆటలోనే.

ఎనిమిది మంది, రెండు బల్లలు, పంపకానికి నాలుగు కవర్లు ఉంటే ఇంట్లోనే ఆడొచ్చు. ఇక్కడ మీరు ఉత్తర-దక్షిణాలైతే, అవతలి బల్ల దగ్గర మీ జట్టువాళ్లను తూర్పు-పడమరల్లో కూర్చోబెట్టండి.