వాన నీటి కాలుష్యం: బాధ్యత, నిధులు

వాన నీరు రోడ్ల మీది నూనెను, చెత్తను కడుక్కుంటూ నదుల్లో కలుస్తుంది. అమెరికాలో చాలా నగరాల్లో వాన నీటి కాలువలు, మురుగు కాలువలు వేర్వేరుగా ఉంటాయి. కాబట్టి వాన నీరు సాధారణంగా శుద్ధి కాకుండానే పోతుంది. అందుకే 1987లో స్వచ్ఛ జల చట్టాన్ని సవరించి, ఈ కాలువల నిర్వహణకు నగరాలు అనుమతి పత్రం పొందాలని నిర్దేశించారు. అందులోని షరతులు పాటించకపోతే జరిమానా పడవచ్చు.

మరి డబ్బు ఎక్కడిది? కాలిఫోర్నియాను ఉదాహరణగా తీసుకోండి. 1996లో ఓటర్లు ఆమోదించిన 218వ ప్రతిపాదన ప్రకారం, ఆస్తి సంబంధమైన కొత్త రుసుముకు ఆస్తి యజమానుల్లో సగానికి మించి గాని, ఓటర్లలో మూడింట రెండు వంతులు గాని అంగీకరించాలి. తాగునీరు, మురుగు, చెత్త సేవలకు మినహాయింపు ఉంది. వాన నీటి కాలువలకు అది వర్తించదని 2002లో సాలినాస్ నగరం కేసులో అప్పీలు కోర్టు తీర్పునిచ్చింది. అంటే అప్పట్లో పని తప్పనిసరి, రాబడి మాత్రం ఓటరు దయగా ఉండేది.

2018లో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఓటర్లు 'మెజర్ డబ్ల్యు'ను ఆమోదించారు. నీరు ఇంకని నేల ప్రతి చదరపు అడుగుకు ఏటా 2.5 సెంట్ల పన్ను. ఎక్కువ కాంక్రీటు పరచినవారు ఎక్కువ కడతారు.

గమనించండి: నిధుల మార్గం చూపని నిబంధన స్థానిక సంస్థకు భారమే అవుతుంది.