చెఱ తీరిన పిమ్మట

మృతుల పేరిట శిలాస్తంభము నిలిపి ఊరకుండుట లోకరీతి. ఆస్ట్రేలియా సైన్యపు నర్సు వివియన్ బుల్‌వింకెల్ తన తోడివారి స్మృత్యర్థము, బ్రదికియున్న నర్సులు కూడుకొని విద్య నభివృద్ధి చేసికొనుటకై ఒక భవనము వెలయవలెనని పాటుపడెను. ఆ పాటు వెనుక మూడున్నర యేండ్ల చెఱ కలదు.

1942 ఫిబ్రవరి 12న, జపానువారి ముట్టడిలో సింగపూరు కూలనున్న తరుణమున, 65 మంది ఆస్ట్రేలియా నర్సులతో బయలుదేరిన ‘వైనర్ బ్రూక్’ ఓడ రెండు దినములకే బాంబుల పాలై బాంకా ద్వీపమునకు చేరువలో మునిగిపోయెను. 12 మంది నర్సులు కడలిలో గతించిరి. ఒక తీరమునకు చేరిన 22 మందిని 16వ తేదీన జపాను సైనికులు సముద్రములోనికి నడిపించి వెనుకనుండి మరతుపాకులతో కాల్చిరి. వారిలో ప్రాణములతో మిగిలినది బుల్‌వింకెల్ ఒక్కతెయే. పార్శ్వమున గుండు దూసిపోయినను మృతురాలివలె నీటిపై తేలియుండి, పిమ్మట అడవిలో దాగి, క్షతగాత్రుడైన ఒక ఆంగ్ల సైనికునికి పండ్రెండు దినములు పరిచర్య చేసి, తుదకు లొంగిపోయెను. సాక్షి యున్నదని తెలిసినచో ప్రాణాపాయము గనుక, దుస్తులపైని గుండురంధ్రము కనబడకుండ నీళ్ల సీసాను అడ్డముగా వ్రేలాడదీసికొని చెఱలోనికి నడచెను. తోడి నర్సులును ఆ రహస్యమును కాపాడిరి.

సుమాత్రా శిబిరములలో మలేరియా, అతిసారము, బెరిబెరి బందీలను హరించుచుండగా, ఔషధములు దొరకక, తామును ఆకటితో కృశించుచున్న ఆ నర్సులకు మిగిలిన సాధనములు రోగిని శుభ్రపఱచుట, నీరందించుట, రాత్రులు ప్రక్కన కూర్చుండుట. ఇది అల్పమని తలచువారు రోగిపరిచర్య యెట్టిదో యెఱుగరు. చెఱలో మఱి 8 మంది నర్సులు మరణించిరి. వారిలో కడపటి యామె, జపాను లొంగుబాటు ప్రకటితమైన మూడవనాడు, 1945 ఆగస్టు 18న కన్నుమూసెను. తలచినకొలది మనస్సు కలతపడు సంగతి యిది. స్వదేశమునకు మరలినవారు 24 మంది.

1946లో టోక్యో యుద్ధనేరముల న్యాయస్థానమున బుల్‌వింకెల్ సాక్ష్యమిచ్చెను. చెఱలో తోడైన బెట్టీ జెఫ్రీతో కలిసి ఆమె విక్టోరియా రాష్ట్రమందలి ఆసుపత్రులు తిరిగి విరాళములు కూర్పగా, 1950లో మెల్‌బోర్న్ నగరమున నర్సుల స్మారకకేంద్రము వెలసెను. మందు లేనిచోట నర్సు నేర్పొక్కటియే రోగికి దిక్కగుట కన్నులార చూచిన యామెకు నర్సుల విద్య జీవితకార్యమగుట నాకు సహజముగనే తోచును. 1961 నుండి 1977 వరకు అదే నగరమందలి ఫెయిర్‌ఫీల్డ్ అంటువ్యాధుల ఆసుపత్రిలో నర్సుల కధినేత్రిగా నుండి, 1975లో వియత్నాము యుద్ధాంతమున అనాథ శిశువులను ఆస్ట్రేలియాకు చేర్చిన కార్యమునందును ఆమె పాల్గొనెను.