వరద రికార్డూ మనదే, విరుగుడూ మనదే

ఇప్పటిదాకా లెక్కల్లోకెక్కిన సంవత్సరాల్లో 2024ను మించిన వేడి ఏడాది లేదని ప్రపంచ వాతావరణ సంస్థ తేల్చింది. పారిశ్రామిక యుగానికి ముందున్న సగటు కన్నా సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ! ఇదెక్కడో జరిగిన సంగతి కాదు. తిరువూరులో బస్సెక్కి ఎటు వెళ్లినా ప్రకృతితో ముడిపడిన ఇలాంటి విశేషం ఒకటి తగులుతుంది. కొన్ని భయపెట్టేవి, కొన్ని ధైర్యం చెప్పేవి.

బ్యారేజీ ఎరగని వరద
2024 సెప్టెంబరు 2న విజయవాడలో కృష్ణా నదిపై ఉన్న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్లాయి. 2009 నాటి 11.10 లక్షల రికార్డు చెరిగిపోయింది. వింతేమిటంటే, అప్పుడు నగరంలోని సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, మైలవరం వైపు కొండల్లో పుట్టే బుడమేరు! దాని మళ్లింపు కాలువకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి.

ఎవరికీ అక్కర్లేని గుర్తింపు
అంతుచిక్కని కిడ్నీ జబ్బుతో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రపంచ వైద్యుల నోట నానింది. తిరువూరు పొరుగునున్న ఎ.కొండూరు మండలం తండాలదీ అదే గోడు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. బోరు నీళ్ల మీద అనుమానంతో తండాలకు కృష్ణా నీళ్లు తెచ్చే పథకం చేపట్టారు.

86 ఏళ్లకు దొరికిన కోడి
1900 తర్వాత ఎవరి కంటా పడని కలివికోడి అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా పొదల్లో మళ్లీ కనిపించింది. రాత్రిపూటే తిరిగే ఈ చిన్న పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు.

సైకిల్ మీద అడవి
ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య మెడలో చెట్ల నినాదం రాసిన బోర్డు, సైకిల్ మీద మొక్కలు, జేబులో విత్తనాలతో ఊళ్లు తిరిగారు. కోటికి పైగా మొక్కలు నాటారని పేరు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

నీళ్ల మీద కరెంటు
కర్నూలు జిల్లాలో 2017లో మొదలైన 1,000 మెగావాట్ల సోలార్ పార్కు, ఒకేచోట ఉన్నవాటిలో అప్పటికి ప్రపంచంలోనే పెద్దదిగా పేరుపొందింది. రామగుండంలో ఎన్టీపీసీ 2022లో 100 మెగావాట్ల పలకలను ఏకంగా రిజర్వాయరు నీళ్లపైనే తేల్చింది. వాటి నీడ వల్ల ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని అంచనా.

పేడకు యూరోల బహుమతి
పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ 2024లో ఇచ్చిన పది లక్షల యూరోల బహుమతి ముగ్గురు విజేతలకు కలిపి దక్కింది. ఆ విజేతల్లో ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఒకటి. ఇందులోని జీవామృతం తయారీ తేలికే: 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములో 10 కిలోల ఆవు పేడ, గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టుమన్ను వేసి, పూటపూటా కలియబెడుతూ రెండు రోజులు నీడన ఉంచాలి. మామిడి, మిరప, పత్తి వేసే తిరువూరు రైతుకు ఈ ఘనతలో వాటా కావాలంటే దొడ్లో ఓ ఆవు చాలు.