బ్యాచ్ జాబ్‌కు అసలు పరీక్ష రెండో రన్

బ్యాంకు కౌంటర్లు మూసేశాక కంప్యూటర్లకు అసలు పని మొదలవుతుంది. ఆ రోజు లావాదేవీలన్నీ లెక్కకెక్కాలి, ప్రతి ఖాతాకూ ఆనాటి వడ్డీ లెక్కగట్టాలి, ఈఎంఐలు కట్ కావాలి, జీతాల ఫైళ్ళు జమ పడాలి, తెల్లవారేలోగా తారీఖు ముందుకు జరగాలి. మనిషి చెయ్యి పడకుండా, ఒక ప్రోగ్రాము వెనక ఒకటిగా లక్షల రికార్డుల మీద నడిచే ఈ పనినే బ్యాచ్ ప్రాసెసింగ్ అంటారు. బ్యాంకు వాళ్ళ నోట్లో ఇది ‘ఈఓడీ’ (ఎండ్ ఆఫ్ డే). బీమా ప్రీమియం నోటీసులు, పెద్ద కంపెనీల పేరోల్ కూడా ఈ కోవలోవే. నెఫ్ట్ సైతం బ్యాచే. అరగంటకొకటి చొప్పున రోజుకు 48 బ్యాచ్‌లు. 2019 డిసెంబరు 16 నుంచి సెలవులతో సంబంధం లేకుండా రాత్రింబవళ్ళు నడుస్తున్నాయి.

స్క్రీన్‌ను టెస్ట్ చేసినంత తేలిగ్గా ఇలాంటి బ్యాచ్ జాబ్‌లను టెస్ట్ చేయలేం. స్క్రీన్ మీద తప్పు వస్తే ఎదురుగా కూర్చున్న మనిషి అప్పుడే ‘ఇదేంటి?’ అంటాడు. రాత్రి రెండింటికి నడిచే జాబ్‌ను ఎవరూ కూర్చుని చూడరు. తప్పు దొర్లిందంటే లక్ష ఖాతాల్లోనూ ఒకేలా దొర్లుతుంది. పొద్దున చూస్తే పచ్చరంగులో ‘సక్సెస్’ అని ఉంటుంది. ఇన్‌పుట్ ఫైలు ఖాళీగా వచ్చి ఒక్క రికార్డూ నడవకపోయినా చాలా చోట్ల అదే పచ్చరంగు కనిపిస్తుంది. ఖాళీ ఫైలు ఇస్తే జాబ్ ఏం చేస్తుందన్నది టెస్టర్ రాసుకోవాల్సిన తొలి కేసుల్లో ఒకటి.

లెక్క సరిచూడటం ఎంత సూక్ష్మమైన పనో తెలియాలంటే వడ్డీ జాబ్ చూడాలి. మన దేశంలో ఒకప్పుడు పొదుపు ఖాతాకు నెలలో 10వ తేదీ నుంచి ఆఖరి రోజు దాకా ఉన్న కనీస నిల్వ మీదే వడ్డీ ఇచ్చేవారు. 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీద లెక్కగట్టాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఖాతాలో లక్ష రూపాయలున్నాయి, వడ్డీ ఏడాదికి 3 శాతం అనుకుందాం. రోజు వడ్డీ 8.219178 రూపాయలు, ఆ తర్వాత ఇంకా అంకెలు. దాన్ని 8.22గా సవరించి రోజూ కలుపుకుంటూ పోతే ఏడాదికి 3,000.30 రూపాయలవుతుంది. 8.21 దగ్గర కత్తిరిస్తే 2,996.65. ఇవ్వాల్సింది 3,000. ఒక ఖాతాలో 3 రూపాయల 35 పైసల తేడా ఎవరి కంటా పడదు. అలాంటి ఖాతాలు కోటి ఉంటే తేడా 3 కోట్ల 35 లక్షలు. ఒక్క రోజు రన్ చేసి ‘పాస్’ రాసేసిన టెస్టర్‌కు ఇది దొరకదు. తారీఖు జరుపుతూ ఏడాది పొడుగునా నడిపి, విడిగా వేసుకున్న లెక్కతో పోల్చాలి.

ఇంతవరకూ మంచి టీమ్‌లు చేస్తూనే ఉంటాయి. తరచూ వదిలేసేది ఆగిన జాబ్ మళ్ళీ మొదలైనప్పుడు ఏం జరుగుతుందన్నది. పెళ్ళిలో బంతి భోజనాలు తలుచుకోండి. అరవైమంది కూర్చున్నారు, లడ్డూ వడ్డన సగంలో ఉండగా కరెంటు పోయింది, వడ్డించే మనిషి వెళ్ళిపోయాడు. వేరే మనిషి పళ్ళెం పట్టుకొచ్చాడు. మొదటి నుంచి మొదలెడితే ముందున్న వాళ్ళకు రెండేసి. ఎక్కడ ఆగిందో ఊహించి మొదలెడితే మధ్యలో ఎవరికో ఒకరికి అసలు లేదు. విస్తరిలో చూసి వడ్డిస్తేనే లెక్క సరిపోతుంది. బ్యాచ్ జాబ్ కూడా ప్రతి రికార్డు దగ్గరా ‘ఈ తారీఖుకు దీని పని అయిందా?’ అని చూసుకోవాలి.

చూసుకోకపోతే ఏమవుతుంది? 2021 క్రిస్మస్ రోజున బ్రిటన్‌లోని శాంటండర్ బ్యాంకులో సుమారు 2,000 వ్యాపార ఖాతాల నుంచి వెళ్ళాల్సిన దాదాపు 75,000 చెల్లింపులు రెండేసి సార్లు వెళ్ళాయి. మొత్తం 13 కోట్ల పౌండ్లు. కారణం షెడ్యూలింగ్ లోపమని బ్యాంకు చెప్పింది. రెండోసారి వెళ్ళిన డబ్బు బ్యాంకు సొంత సొమ్మే. అందులో చాలా భాగం వేరే బ్యాంకుల ఖాతాల్లోకి చేరిపోయింది కాబట్టి తిరిగి రాబట్టుకునే తలనొప్పి వేరే.

ఈ పరీక్ష చేసే పద్ధతి మోటుగానే ఉంటుంది. లక్ష రికార్డుల జాబ్ మొదలుపెట్టి, మధ్యలో ప్రాసెస్‌ను చంపేయాలి. వెయ్యి రికార్డులకోసారి డేటాబేస్‌లో ఖరారు చేసే జాబ్ అయితే, 40,500 దగ్గర చంపితే 40,000 మిగలాలి. మళ్ళీ నడిపితే 40,001 నుంచి అందుకోవాలి. అక్కడితో వదిలేయకండి. మధ్యలోని ఆ 500 రికార్డుల సంగతేంటి? డేటాబేస్ వాటిని వెనక్కి తీసుకుంది సరే. ఆ 500 మందికి ఈలోగా వెళ్ళిపోయిన ఎస్ఎంఎస్‌నో, బయటి బ్యాంకుకు వెళ్ళిన చెల్లింపు ఆదేశాన్నో ఏ డేటాబేసూ వెనక్కి తేలేదు. డబుల్ పేమెంట్లు పుట్టగలిగే సందు ఇదే. చివర్లో జమాఖర్చు కుదరాలి: వచ్చినవి 1,00,000, జమ పడినవి 99,997, తిరస్కరించినవి 3. రికార్డుల సంఖ్య కుదిరితే చాలదు, రూపాయల మొత్తం కూడా కుదరాలి.

జావా వాళ్ళు ఎక్కువగా వాడే స్ప్రింగ్ బ్యాచ్‌లో ఇందుకు కొంత రక్షణ ముందే ఉంది. ఒకే పారామీటర్లతో ఒకసారి పూర్తయిన జాబ్‌ను అది మళ్ళీ నడవనివ్వదు. టెస్టింగ్‌లో పదేపదే నడపాలి కదా అని డెవలపర్లు పారామీటర్లలో ఆ క్షణపు టైమ్ కూడా చేరుస్తారు. దాంతో ప్రతి రన్నూ కొత్త జాబ్‌గానే లెక్క. ఆ లైను తీయకుండా ప్రొడక్షన్‌కు పోయిందంటే, కాపలా కుక్కను మనమే కట్టేసినట్టు.

మళ్ళీ నడపడమే కాదు, పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్ళడాన్నీ పరీక్షించాలి. దానికి అందరూ తెలుసుకోవాల్సిన కేసు 2012 జూన్‌లో బ్రిటన్‌లో జరిగింది. ఆర్‌బీఎస్ గ్రూపు బ్యాంకుల్లో రాత్రి జాబ్‌లను వరసలో నడిపే షెడ్యూలర్‌ను అప్‌గ్రేడ్ చేశారు. తేడా కనిపించింది. అప్‌గ్రేడ్‌ను తీసేసి పాత వెర్షన్‌కు వెళ్దామనుకున్నారు. అది సహజమైన నిర్ణయమే. అయితే వెనక్కి వెళ్తే ఏమవుతుందో ముందు పరీక్షించి చూడలేదు. కొత్తదానికీ పాతదానికీ పొసగలేదు. జూన్ 19 రాత్రి బ్యాచ్ కూలింది. ఒక రాత్రి పని పూర్తికాకుండా మరుసటి రాత్రి పని మొదలుపెట్టలేరు కాబట్టి బకాయి పేరుకుపోయింది. ఆర్‌బీఎస్, నాట్‌వెస్ట్, అల్‌స్టర్ బ్యాంకుల ఖాతాదారుల్లో బ్రిటన్‌లోనే కనీసం 65 లక్షల మంది ఇబ్బంది పడ్డారు. నిల్వలు తప్పు చూపాయి, ఇంటి రుణాల వాయిదాలు సమయానికి కట్టలేకపోయారు, విదేశాల్లో ఉన్నవాళ్ళకు చేతిలో డబ్బు ఆడలేదు, కొన్ని సంస్థలు జీతాలివ్వలేకపోయాయి. అల్‌స్టర్ బ్యాంకు కోలుకునేసరికి జూలై వచ్చింది. 2014 నవంబరులో బ్రిటన్‌లోని రెండు నియంత్రణ సంస్థలు కలిసి 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

అప్పట్లో కొన్ని బ్రిటిష్ పత్రికల వేళ్ళు మన హైదరాబాద్ వైపు తిరిగాయి. బ్యాచ్ పనులకు అక్కడ మనుషుల్ని తీసుకుంటున్నారన్న ప్రకటనలే ఆధారం. బ్యాంకు అధిపతి స్టీఫెన్ హెస్టర్ మాత్రం పార్లమెంటు కమిటీకి రాసిన లేఖలో ఆ సిస్టమ్‌లను చూసుకునేది ఎడిన్‌బరో టీమ్ అని స్పష్టంగా చెప్పారు. ఏ ఊళ్ళో కూర్చుని నొక్కినా, పరీక్షించని రోల్‌బ్యాక్ అంతే ప్రమాదం.

టెస్టర్ చూసుకోవాల్సిన మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. తారీఖు కోసం జాబ్ మెషీన్ గడియారాన్ని అడగకూడదు. రాత్రి 11.50కి మొదలైన జాబ్ అర్ధరాత్రి దాటితే సగం రికార్డులకు నిన్నటి తేదీ, సగానికి ఈరోజు తేదీ పడతాయి. బిజినెస్ తేదీని బయట నుంచి ఇవ్వాలి. అప్పుడే టెస్టర్ మార్చి 31నీ, ఫిబ్రవరి 29నీ తనకు కావలసినప్పుడు తెచ్చుకోగలడు. 2012 ఫిబ్రవరి 29న మైక్రోసాఫ్ట్ అజూర్ పడిపోయింది, సర్టిఫికెట్ గడువు కోసం సంవత్సరానికి ఒకటి కలిపి 2013 ఫిబ్రవరి 29 అని లేని తేదీ తయారుచేసినందుకే. ఒకే ఫైలు రెండుసార్లు వస్తే, ఫైలు చివరి వరసలోని మొత్తం లోపలి రికార్డులతో కుదరకపోతే జాబ్ నిలబడి అడగాలి. ఇక పదివేల రికార్డులు నిమిషంలో అయ్యాయని కోటి రికార్డులకు వెయ్యి నిమిషాలని గుణించకండి. డేటా పెరిగేకొద్దీ క్వెరీలు ఆ లెక్కకు లొంగవు; పూర్తి స్థాయి డేటాతో ఒక్కసారైనా నడిపి, కౌంటర్లు తెరిచే వేళకు పని ముగుస్తుందో లేదో చూడాల్సిందే.

మీరు మేనేజరైనా, యూఏటీకి (వాడేవాళ్ళు చేసే ఆమోద పరీక్షకు) కూర్చున్న బ్యాంకు ఉద్యోగి అయినా, రిలీజ్ కాగితం మీద సంతకం పెట్టే ముందు రెండు ప్రశ్నలడగండి. జాబ్‌ను మధ్యలో చంపి మళ్ళీ నడిపారా? కొత్త వెర్షన్ తీసేసి పాతదాంతో ఒక రాత్రి బ్యాచ్ పూర్తిచేసి చూశారా? ‘టైమ్ లేదు సార్, ప్రొడక్షన్‌లో చూసుకుందాం’ అంటే కాగితం తిరిగిచ్చేయండి.